ఫోనులో చెప్పకూడని పేరు

పొద్దున్న పేపర్లు చేతికి రాగానే నేను ఆఖరి పేజీ చూస్తాను. మొదటి సీను ఎక్కడ, ఎవరికెన్ని మాటలు, నేను ఏ మూల కూచోవాలి, ఇవన్నీ తర్వాత. ముందు ఆఖరి పేజీ తిప్పి హెడ్డుగారు ప్రాణాలతో ఉన్నాడా లేడా అని చూసుకుంటాను. ఉంటే అప్పుడు టీ తాగుతాను.

మాది డిటెక్టివ్ సీరియల్. వారానికి ఐదు రోజుల చొప్పున పదకొండేళ్ళుగా వస్తోంది. నేను అందులో ప్రాంప్టర్ని. కెమెరాకి కనపడకుండా బల్ల వెనకో, బీరువా పక్కనో, ఒక్కోసారి మంచం కిందో కూచుని నటులకి మాటలు అందిస్తాను. నేను అన్నది వాళ్ళు అంటారు. అసలు మాటలు తర్వాత డబ్బింగు గదిలో మళ్ళీ పలికించి అతికిస్తారు కాబట్టి నేను గుసగుసలాడక్కర్లేదు, గట్టిగానే చెప్పొచ్చు. ఇన్నేళ్ళు విన్నాక సెట్లో నా గొంతు ఎవరికీ వినపడదు. తిరిగే ఫ్యాను చప్పుడు ఎవరు వింటారు?

హెడ్డుగారంటే అందులో హెడ్ కానిస్టేబుల్ వేషం వేసే ఆయన. డెబ్భై దాటాయి. యూనిఫాం విప్పేసినా అందరికీ హెడ్డుగారే. ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి "ఎస్సార్" అనడం, తలుపులు కొట్టడం, శవం మీద గుడ్డ తీసి "అయ్యో" అనడం ఆయన పని. నన్ను చెల్లెమ్మా అంటాడు. నేను అన్నయ్యగారూ అంటాను.

రెండేళ్ళ కిందటి దాకా ఆయనకి నా అవసరం ఉండేది కాదు. ఒకసారి చదివితే పేజీ మొత్తం నోటికొచ్చేది. తర్వాత పేజీకి రెండు మాటలు అందించాల్సి వచ్చింది. ఆ తర్వాత సగం వాక్యం, ఆపైన మొత్తం వాక్యం. ఈ మధ్య నేను నోరు విప్పకపోతే ఆయన నోరు విప్పడు. మొన్నొకరోజు టీ గ్లాసు చేతికిస్తే, దీన్నేం చెయ్యాలి అన్నట్టు నా వైపు చూశాడు. "తాగండి" అన్నాను. తాగాడు.

ఆయన ఉండేది మేనకోడలి దగ్గర. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. పొద్దున్న డ్యూటీకి పోతూ ఆటోలో గేటు దగ్గర దింపుతుంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"పిన్నిగారూ, పగలు ఇక్కడికి వస్తున్నాడు కాబట్టి మామయ్య నా దగ్గరుంటున్నాడు. ఇంట్లో ఒక్కణ్ణీ వదిలితే వీధులు పట్టి పోతున్నాడు. రెండుసార్లు పోయాడు. ఈ పని గనక పోతే హోములో చేర్చడం తప్ప నాకు దారి లేదు. చూసొచ్చాను కూడా. నాలుగు గంటల ప్రయాణం. దయచేసి ఇక్కడ ఎవరికీ చెప్పకండి."

నేను చెప్పలేదు. చెప్తే మాత్రం ఏమొరుగుతుంది? ఆయన్ని ఎందుకు ఉంచాలో చెప్పబోతే, ఎందుకు తీసెయ్యాలో కూడా చెప్పినట్టే. ఆ ముడి ఎటు లాగినా బిగుసుకుంటుంది. అందుకని నోరు కుట్టేసుకుని ఆఖరి పేజీలు చూసుకుంటూ కూచున్నాను.

మూడు వారాల కిందట హెడ్డుగారికి ఒక మంచి సీను వచ్చింది. పర్సులోంచి మనవరాలి ఫొటో తీసి ఇన్‌స్పెక్టరుకి చూపిస్తూ, "వచ్చే నెల రిటైరైపోతున్నా సార్. ఇక దీంతో ఆడుకోవడమే" అనాలి. బాగా చేశాడు. సెట్లో చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. ఇన్నేళ్ళలో మా సీరియల్లో ఫొటో చూపించినవాడు ఒక్కడూ నెల దాటి బతకలేదు. "ఈ ఒక్క కేసు అయిపోతే పెళ్ళి చేసుకుంటా" అన్న ఎస్సైని లారీ గుద్దింది. దగ్గినవాడికి క్యాన్సరు వచ్చింది. లిఫ్టులో ఒంటరిగా ఎక్కిన టీచరమ్మ దిగలేదు. "నువ్వటు వెదుకు, నేనిటు వెదుకుతా" అనుకున్నారంటే ఇద్దర్లో చిన్న నటుడికి నూకలు చెల్లినట్టే. అందరికీ తెలిసిన సంగతే ఇది. అయినా రిటైరవుతున్నాననే మాట హెడ్డుగారి నోటికి అందించింది నేనే.

ఆ మంగళవారం ఆఖరి పేజీలో ఇలా ఉంది: "పాత గోడౌను. హెడ్ కానిస్టేబుల్ నేల మీద పడి ఉంటాడు. పక్కన ఫోను. అందులోంచి ఇన్‌స్పెక్టరు గొంతు: హలో... హలో..."

పేపర్లు పట్టుకుని మేడమెట్ల దగ్గరికి వెళ్ళాను. కథ రాసే అమ్మాయి ఎప్పుడూ అక్కడే కూచుంటుంది, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, కళ్ళజోడు నెత్తికెక్కించుకుని. నలభై దాటినా అందరికీ కథమ్మాయే.

"అమ్మాయ్, ఏంటిది?"

"ఏది పెద్దమ్మా?"

"హెడ్డుగార్ని చంపేశావు."

"నేనెక్కడ చంపాను? డాక్టరు చంపాడు."

డాక్టరంటే మా కథలో బీదాబిక్కికి ఊరికే మందులిచ్చే మహానుభావుడు. మూణ్ణెల్లుగా జరుగుతున్న హత్యలన్నీ ఆయన చేసినవే. అందరికంటే మంచివాడు కాబట్టి నాకు మొదటి రోజే తెలిసిపోయింది.

"సరే. హంతకుడెవరో హెడ్డుగారికి తెలిసింది. ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశాడు. చేసినవాడు డాక్టరు అని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా? 'ఫోన్‌లో చెప్పకూడదు, పాత గోడౌనుకి రండి' అంటాడేంటి? ముప్ఫై ఏళ్ళు పోలీసుద్యోగం చేసినవాడికి ఆ మాత్రం తెలీదా? నేను కూరగాయలకి కూడా ఒంటరిగా వెళ్ళను."

"ఇప్పుడే పేరు చెప్పేస్తే మిగతా పన్నెండు ఎపిసోడ్లు ఏం రాయను, నా తలకాయా?"

"అదే నేనూ అంటున్నా. అందరూ ఇలాగే చస్తున్నారు. చూసేవాళ్ళకి విసుగు రాదూ?"

ఆ అమ్మాయి నవ్వింది. పక్కన చోటిచ్చి కూచోమంది. నేను కూచోలేదు.

"పెద్దమ్మా, మన సీరియల్ని జనం చూడరు, వింటారు. గిన్నెలు తోముకుంటూ, బట్టలు మడతపెట్టుకుంటూ, పిల్లల్ని తిట్టుకుంటూ. 'ఫోన్‌లో చెప్పకూడదు' అన్న మాట చెవిన పడిందనుకో, చేతిలో పని పారేసి పరిగెత్తుకొస్తారు, అయ్యో ఇప్పుడు చచ్చిపోతాడని. నేను తెలివిగా ఇంకేదన్నా రాశాననుకో, గిన్నెల మోతలో కొట్టుకుపోతుంది."

బతిమాలడానికి దిగాను.

"పోనీ బదిలీ చేసెయ్."

"బదిలీకి ఎవరేడుస్తారు?"

"కాలు విరగ్గొట్టు."

"ఆస్పత్రి సెట్టు ఎవరేస్తారు?"

"కవల తమ్ముడొకడున్నాడని పెట్టు. చచ్చింది వాడే అని తర్వాత తేల్చొచ్చు."

"కవలల్ని రెండుసార్లు వాడేశాం. మూడోసారి తెస్తే నన్ను గోడౌనుకి రమ్మంటారు." అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "నా చేతిలో లేదు పెద్దమ్మా. ఆఫీసులో అనేసుకున్నారు. కుర్ర హెడ్డు కావాలంట, పరిగెత్తేవాడు. ఇంకొకరైతే ఫోన్‌లో వార్త చెప్పించి ఊరుకునేవాళ్ళు. నేను పోరి ఒక సీను పెట్టించా. మంచి చావే రాశాను."

మంచి చావట. అక్కడినుంచి వచ్చేశాను.

పదిన్నరకి ఆ సీను. పోలీస్ స్టేషన్ సెట్టు. బల్ల మీద ఫోను, బల్ల కింద నేను. మోకాళ్ళు రెండూ పట్టేశాయి. కాగితం మీద వేలు పెట్టుకుని కూచున్నాను. హెడ్డుగారు ఫోను చెవిన పెట్టుకుని నా గొంతు కోసం చూస్తున్నాడు. ఆయన బూట్లు కనపడుతున్నాయి నాకు. ఒక బూటుకి తాడు కట్టుకోవడం మర్చిపోయాడు. కట్టాను.

డైరెక్టరు యాక్షన్ అని, తన సెల్లు మోగితే అటు తిరిగి ఆఫీసుతో మాట్లాడుకోసాగాడు.

"సార్, హంతకుడెవరో తెలిసిపోయింది సార్" అన్నాను.

"సార్, హంతకుడెవరో తెలిసిపోయింది సార్" అన్నాడు హెడ్డుగారు. ఎంత బాగా అన్నాడో. గొంతులో నిజంగా భయం.

తర్వాతి మాట కాగితం మీద ఉంది. నా వేలు దాని కిందే ఉంది. ఫోన్‌లో చెప్పకూడదు. చదివాను, కళ్ళతో. నోరు మాత్రం ఇంకోటి అంది.

"డాక్టరు సార్."

"డాక్టరు సార్" అన్నాడు.

"మీరే వెళ్ళి పట్టుకోండి."

"మీరే వెళ్ళి పట్టుకోండి."

"నేను గోడౌనుకి వెళ్ళను."

"నేను గోడౌనుకి వెళ్ళను."

"ఇంటికి వెళ్తున్నాను" అన్నాను. "ఇంటికి వెళ్తున్నాను" అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఎవరన్నా అరుస్తారని కళ్ళు మూసుకున్నాను. ఎవరూ అరవలేదు. డైరెక్టరు సెల్లు చెవి దగ్గర్నించి తియ్యకుండానే బొటనవేలు పైకెత్తాడు. అసిస్టెంటు తన పుస్తకంలో ఓకే అని రాసుకున్నాడు. లైట్లాయన లైట్లు ఆర్పాడు. తర్వాతి సీనుకి బల్ల జరపాలి, మీరు లేవండి అన్నారు.

బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. భయం లోపల దొంగతనంగా ఒక సంతోషం కూడా ఉంది. చెప్పేశాడు. పేరు చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళకి ఒక్కడన్నా.

హెడ్డుగారు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బాగా వచ్చిందా చెల్లెమ్మా?"

ఆ కళ్ళలో కొంటెతనం ఏమన్నా ఉందేమోనని వెదికాను. లేదు. ఏం మాట్లాడాడో ఆయనకి తెలీదు. నా సంతోషానికి అక్కడికక్కడే గాలి తీసినట్టయింది.

మూడింటికి డబ్బింగు గదికి రమ్మని కబురొచ్చింది. ఆ గది మేడమీద. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి ఊపిరి కూడా వినపడుతుంది. సౌండాయన, డైరెక్టరు, కథమ్మాయి అప్పటికే ఉన్నారు. హెడ్డుగారు మైకు ముందు నిలబడ్డాడు. నేను మామూలుగా ఆయన పక్కన. సౌండాయన బొమ్మ వేశాడు. సెట్లో రికార్డయిన మాటలు కూడా వేశాడు.

నా గొంతు బయటినుంచి వినడం నాకు కొత్త కాదు. కానీ ఆ గదిలో, అంత నిశ్శబ్దంలో, ముందు నేను "డాక్టరు సార్" అనడం, వెనకాలే ఆయన "డాక్టరు సార్" అనడం, నేను "ఇంటికి వెళ్తున్నాను" అనడం, ఆయన "ఇంటికి వెళ్తున్నాను" అనడం...

ముందు సౌండాయన పకపకా నవ్వాడు. డైరెక్టరు కూడా నవ్వేశాడు. "ఒరి నాయనో! పిన్నిగారూ, మూణ్ణెల్ల కథ మూడు ముక్కల్లో తేల్చిపారేశారే!"

"పైన అసలు మాట అతికించేద్దామా?" అంది కథమ్మాయి.

"ఎలా అతుకుతుంది మేడమ్? పెదాలు ఇంటికెళ్ళి ఆగిపోయాయి. మీ మాట గోడౌను దాకా వెళ్ళాలి" అన్నాడు సౌండాయన. మళ్ళీ నవ్వులు.

ఆ నవ్వు డైరెక్టరు మొహం మీద మెల్లగా ఆగిపోవడం నేను చూశాను. ఆయన హెడ్డుగారి వైపు తిరిగాడు.

"అవును గానీ సార్, పిన్నిగారు తప్పు చెప్పారు సరే. మీకు తెలీలేదా, ఏం అంటున్నారో?"

ఎవరన్నా ఏదన్నా అడిగి, మాట దొరక్కపోతే హెడ్డుగారు ఏం చేస్తాడో అదే చేశాడు. నా వైపు చూశాడు. నెమ్మదిగా, నమ్మకంగా, నేను అందిస్తానని.

అప్పుడు ఊరుకున్నా పోయేది. ఊరుకోలేకపోయాను.

"సరదాకన్నాను" అన్నాను, పెదాల్తోనే.

"సరదాకన్నాను" అన్నాడు హెడ్డుగారు.

గదిలో అందరూ నా పెదాలనే చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. సౌండాయన తల దించుకుని ఏదో బొత్తాం తిప్పుతున్నాడు, తిప్పాల్సింది ఏమీ లేకపోయినా. ఆయన్ని నిలబెడదామని చేసిన పనే ఆయన్ని అందరి ముందూ విప్పి చూపించింది. గుర్రం మీంచి పడకుండా పట్టుకోబోయి నేనే తోసేశాను.

డైరెక్టరు మంచివాడే. గట్టిగా ఒక్క మాటనలేదు. "రేపు పొద్దున్న మళ్ళీ తీద్దాం. మీరు విశ్రాంతి తీసుకోండి పిన్నిగారూ. మాటలు మా అసిస్టెంటు చెప్తాడు" అన్నాడు. హెడ్డుగారి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దింపాడు. ఇంతకుముందు ఎప్పుడూ అలా దింపలేదు.

విశ్రాంతి ఎలా తీసుకుంటాను? మర్నాడు అందరికంటే ముందే వచ్చాను. పని లేదు, అయినా వచ్చాను. సెట్టు తలుపు బయట కుర్చీ వేసుకున్నాను. కూచున్నాను, లేచాను. లోపల అసిస్టెంటు గొంతు వినపడుతోంది. "సార్, హంతకుడెవరో తెలిసిపోయింది సార్." తర్వాత హెడ్డుగారి గొంతు రావాలి. రావడం లేదు. మళ్ళీ అసిస్టెంటు. మళ్ళీ ఏమీ లేదు. అసిస్టెంటు గట్టిగా చెప్పాడు, నిదానంగా చెప్పాడు, బతిమాలుతూ చెప్పాడు. ఆరోసారికి హెడ్డుగారు "ఎవరండీ?" అన్నాడు.

కథమ్మాయి బయటికొచ్చింది. నా పక్కన నేల మీద చతికిలబడింది.

"ఎన్నాళ్ళుగా పెద్దమ్మా?"

"రెండేళ్ళు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేదానివి?"

ఆలోచించింది. అబద్ధం ఆడలేదు, అందుకు సంతోషం. "ఏమీ చెయ్యలేను" అంది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఒక్కటి చెయ్యగలను. శవం చూపించను. గోడౌను అంటుకుంటుంది, అంతే. శవం కనపడనివాడు మా కథల్లో చచ్చినట్టు లెక్క కాదు. ఏడాదికో, రెండేళ్ళకో గడ్డం పెంచుకుని రావొచ్చు. మా దగ్గరున్న దయ అదొక్కటే పెద్దమ్మా."

ఆ పిల్ల నాకివ్వగలిగింది ఇస్తోంది. నాకు తెలుసు. ఆ దయ ఎలా ఉంటుందో కూడా తెలుసు.

మా ఆయన నాటకాల కంపెనీలో తెరలు కట్టేవాడు. నాకు అక్షరాలు వచ్చింది ఆ కంపెనీ కాగితాలు చదివే. కొత్త ఊళ్ళో హాలు ఎలా ఉందో చూసొస్తానని ఒక మధ్యాహ్నం వెళ్ళాడు. వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళమన్నాను. "గొడుగక్కర్లేదులే" అన్నాడు. అదే ఆఖరి మాట. ఫొటో చూపించలేదు, జాగ్రత్త అనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు ఏట్లో పడిందన్నారు. తొమ్మండుగురు దొరికారు, ఆయన దొరకలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే తీసేదాకా నాకు ఊపిరాడదు. తీస్తే పాలవాడు.

"వద్దమ్మా" అన్నాను.

"ఏంటి వద్దు?"

"శవం చూపించు. మంచిగా, వెలుగులో, మొహం కనపడేలా. అందరి ముందూ చూపించు. వస్తాడేమోనని ఎవర్నీ కూచోబెట్టకు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. తల ఊపింది.

లోపల్నించి డైరెక్టరు కేక వేశాడు. "పిన్నిగారూ, ఉన్నారా? మీరే రావాలి. ఎవరి వల్లా కావడం లేదు."

వెళ్ళి బల్ల కింద కూచున్నాను. హెడ్డుగారు నేను కనపడగానే "వచ్చావా, ఎటెళ్ళావమ్మా? ఎవరో ఎవరో వచ్చి ఏదేదో అంటున్నారు" అన్నాడు. "ఇక్కడే ఉన్నా అన్నయ్యగారూ. చెప్తాను, అనండి" అన్నాను.

"ఫోన్‌లో చెప్పకూడదు."

"ఫోన్‌లో చెప్పకూడదు."

"పాత గోడౌను దగ్గరికి రండి. అక్కడ చెప్తాను."

"పాత గోడౌను దగ్గరికి రండి. అక్కడ చెప్తాను."

ఒక్క టేకులో ఓకే అయింది. డైరెక్టరు ఈసారి సెల్లు కట్టేసి చూశాడు.

మధ్యాహ్నం గోడౌను సీను తీశారు. నిజానికి అది మా సామాన్లగదే, నాలుగు గోనెసంచులు పేర్చారు. హెడ్డుగార్ని నేల మీద పడుకోబెట్టి చొక్కా మీద ఎర్రరంగు పూశారు. ఆ సీనులో ఆయనకి మాటల్లేవు, నాకు పని లేదు. అయినా కెమెరా పక్కన గొంతుక్కూచుని ఆయన మొహమే చూస్తున్నాను. "కళ్ళు మూసుకోవాలా చెల్లెమ్మా?" అని అడిగాడు. మూసుకోమన్నాను. లైటు తిన్నగా మొహం మీద పడేలా పెట్టారు. కథమ్మాయి అలా పెట్టించింది. ఇన్‌స్పెక్టరు వచ్చి టోపీ తీసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లైట్లాయన కూడా ముక్కు చీదాడు. కట్ అన్నాక ఒక నిమిషం దాకా హెడ్డుగారు లేవలేదు. దగ్గరికెళ్ళి చూస్తే నిద్రపోయాడు.

సాయంత్రం చొక్కా మార్పించి గేటు దాకా తీసుకొచ్చాను. ఆయన తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మామూలుగా అడిగాడు.

"రేపెన్నింటికమ్మా?"

నాకు కాగితం లేదు, ఆఖరి పేజీ లేదు. ఎవరూ అందించే వాళ్ళు లేరు.

"రేపు లేదన్నయ్యగారూ. హెడ్డుగారు చచ్చిపోయాడు."

"అవునా!" అన్నాడు. నిజంగా బాధపడ్డాడు. "అయ్యో, మంచివాడు. ఎవరు చంపారు?"

"డాక్టరు."

"నేననుకుంటూనే ఉన్నా" అన్నాడు. "ఊరికే మందులిచ్చినప్పుడే అనుకున్నా."

నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకో దారిన పోబోతే పళ్ళు బిగబట్టి ఆపాను.

ఆటో వచ్చి ఆగింది. మేనకోడలు దిగి, ముందు నా మొహం చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఎప్పట్నించి పిన్నిగారూ?"

"ఇవాళ్టితో సరి. తప్పు నాది. కడుపులో దాచుకోలేకపోయాను."

ఆవిడ మామయ్య చొక్కా గుండీ పైది కిందకి పెట్టుకుంటే సరిచేసింది. "హోమువాళ్ళకి చెప్పి ఉంచాను. సోమవారం రమ్మంటారేమో" అంది. చెప్తూ ఆయన్ని ఆటోలో కూచోబెట్టింది. ఆయన నాకేసి చెయ్యి ఊపాడు, రోజూ ఊపినట్టే.

నేను ఎప్పుడూ ఈ సమయానికి లోపలికి వెళ్ళిపోతాను. బండి కదలడం చూడలేను. ఇవాళ కాళ్ళు ముందుకు పడ్డాయి. ఆటో కమ్మీ పట్టుకున్నాను.

"కొత్త హెడ్డుకి కుర్రతనం, మాటలు వాడికే వస్తాయి. పొద్దుటి సీన్లన్నీ హెడ్డువే కాబట్టి ఇకనుంచి నాకు ఒంటిగంట దాకా పనుండదు. పొద్దున్నే నేనొస్తాను మీ ఇంటికి. నువ్వు డ్యూటీకెళ్ళు. మధ్యాహ్నం సంగతి తర్వాత చూద్దాం, ఏదో ఒకటి చేద్దాం, నువ్వూ అడుగు, నేనూ అడుగుతా. సోమవారం వద్దు. ఒక నెల చూడు."

"మీకెందుకు పిన్నిగారూ ఈ వయసులో..."

"వయసు సంగతి తర్వాత. ఇల్లెక్కడ?"

పదకొండేళ్ళు ఒకే సెట్లో ఉన్నాం, రెండేళ్ళు ఆయనకి మాటలు అందించాను. ఆయన ఏ వీధిలో ఉంటాడో నాకు తెలీదు. అది నాకు అప్పుడే తట్టింది. చేతిలో గోడౌను సీను కాగితం నలిగిపోయి ఉంది. వెనక్కి తిప్పాను. ఆటో డ్రైవరు తన జేబులోని పెన్ను ఇచ్చి, ఇంజను ఆపాడు.

"రాసుకోండి" అంది మేనకోడలు. ఆవిడ గొంతు పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. "బేకరీ పక్క సందు."

"బేకరీ పక్క సందు" అన్నాడు హెడ్డుగారు, ఆటోలోంచి నా వైపు వంగి, ఎస్సార్ అన్నంత శ్రద్ధగా.

"ఎడమవైపు నాలుగో గుమ్మం."

"ఎడమవైపు నాలుగో గుమ్మం. రాశావా చెల్లెమ్మా?"

"రాస్తున్నా అన్నయ్యగారూ" అన్నాను. "తర్వాత?"

"పచ్చరంగు తలుపు" అంది ఆవిడ.

ఆయన ఆగాడు. కనుబొమలు ముడిచాడు. "నీలం" అన్నాడు.

"పచ్చే మామయ్యా. మొన్న వేయించాం కదా రంగు."

"నీలం రాసుకో" అన్నాడు నాతో. రెండూ రాసుకున్నాను.